పొట్టి బ్యారెల్ రైఫిల్ ఎందుకు మొరాయిస్తుంది?

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పేలకపోవడం వేరు, పేలిన తరువాత మరుసటి తూటాకు సిద్ధం కాకపోవడం వేరు. మొదటిదానికి కారణం చాలావరకు తూటాలోనో, ఫైరింగ్ పిన్‌లోనో, ట్రిగ్గర్ భాగాల్లోనో ఉంటుంది కాబట్టి వెతకవలసిన చోటు చిన్నది. రెండవది అలా కాదు. తూటా పేలిన మరుక్షణం, తూటా కూర్చునే చాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్ట్ తాళం విడిపోవాలి, ఖాళీ కేసు, అంటే తూటా ఇత్తడి తొడుగు, చాంబర్‌లోంచి ఊడి వచ్చి పక్కకు ఎగిరిపోవాలి, హ్యామర్ వెనక్కి వంగి నిలవాలి, మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా లేచి చాంబర్‌లోకి దూరాలి, బోల్ట్ మళ్లీ తాళం పడాలి. ఈ పనులన్నీ ఒకదాని వెంట ఒకటి, సెకనులో పదో వంతు కూడా పట్టకుండా ముగుస్తాయి. ఈ వరుసలో ఎక్కడ తడబడినా తుపాకీ జామ్ అయిందనే అంటాం. బ్యారెల్ పొట్టిదైనకొద్దీ ఆ తడబాటుకు అవకాశం పెరుగుతుంది.

ఈ సమస్య ఎదురైనప్పుడు చాలామంది నోటికి వచ్చే మొదటి జవాబు గ్యాస్ చాలడం లేదన్నది. కొన్నిసార్లు అది నిజమే. అయితే పొట్టి రైఫిల్‌లో అసలు చిక్కు మరొకచోట ఉంది: ఎదురెదురు కారణాలు ఒకే లక్షణంగా బయటపడతాయి. గ్యాస్ తక్కువై బోల్ట్ పూర్తిగా వెనక్కి రాకపోతే మ్యాగజైన్‌లోని తూటా అందదు. గ్యాస్ ఎక్కువై బోల్ట్ మరీ వేగంగా వెళ్లి వస్తే, తూటా పైకి లేచేలోపే బోల్ట్ దాటిపోయి అప్పుడూ అందదు. రెండు సందర్భాల్లోనూ ట్రిగ్గర్ నొక్కితే ఖాళీ చాంబర్ మీద హ్యామర్ టిక్కుమంటుంది. మొదటిదానికి చేసే వైద్యం రెండవదానికి చేస్తే జబ్బు ముదురుతుంది. కాబట్టి ఈ వ్యాసం చిట్కాల జాబితా కంటే, ఏ కారణాన్ని ఎలా వేరు చేసి గుర్తించాలన్న దాని మీదనే ఎక్కువ నిలుస్తుంది. ఉదాహరణగా ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న రైఫిల్ కుటుంబాల్లో ఒకటైన ఏఆర్-15, దాని సైనిక రూపాలైన ఎం16, ఎం4 లను తీసుకుంటున్నాను.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం 16 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్‌ను ఫెడరల్ ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. దశాబ్దాలపాటు వసూలు చేసిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయినా నమోదు బాధ్యత పోలేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలు ఇలాంటి రైఫిల్‌ను సాధారణ పౌరులకు అనుమతించవు. భారతదేశంలో ఈ తరహా ఆయుధం సాధారణ లైసెన్సు మీద దొరికేది కాదు.

ఇక యంత్రం విషయానికి వద్దాం. తూటాలోని మందు మండగా పుట్టిన గ్యాస్ బుల్లెట్‌ను బ్యారెల్ వెంట నెడుతుంది. బ్యారెల్ పైభాగంలో ఒకచోట గ్యాస్ పోర్ట్ అనే సన్నని రంధ్రం ఉంటుంది. బుల్లెట్ ఆ రంధ్రాన్ని దాటగానే కొంత గ్యాస్ అందులోంచి లేచి, గ్యాస్ బ్లాక్ దగ్గర మలుపు తిరిగి, ఒక సన్నని స్టీలు గొట్టం వెంట వెనక్కి వచ్చి, బోల్ట్‌ను మోసుకు తిరిగే బోల్ట్ క్యారియర్ మీద బిగించిన గ్యాస్ కీ ద్వారా క్యారియర్ లోపలికి చేరుతుంది. యూజీన్ స్టోనర్ 1950లలో ఆర్మలైట్ సంస్థలో రూపొందించిన ఈ ఏర్పాటులో విడిగా పిస్టన్ కడ్డీ ఉండదు. బోల్టే పిస్టన్, క్యారియరే సిలిండర్. లోపలికి వచ్చిన గ్యాస్ బోల్ట్‌ను ముందుకు, క్యారియర్‌ను వెనక్కి నెడుతుంది. క్యారియర్ కొద్ది దూరం ఒంటరిగా వెనక్కి జరిగిన తరువాతే దానిలోని వంపు గాడి క్యామ్ పిన్‌ను తిప్పుతుంది, అప్పుడే బోల్ట్ ముందుభాగంలోని ఏడు పళ్లు తాళం నుంచి విడివడతాయి. ఆ కొద్ది దూరాన్ని కావాలనే పెట్టారు. ఈలోగా బుల్లెట్ మూతి దాటిపోవాలి, చాంబర్‌లోని ఒత్తిడి పడిపోవాలి, ఒత్తిడికి ఉబ్బి గోడలకు అతుక్కున్న ఇత్తడి కేసు మళ్లీ కుంచించుకుని వదులు కావాలి.

అంటే ఇక్కడ బలం ఒక్కటే చాలదు, సమయం కుదరాలి. గ్యాస్ ఎంత ఒత్తిడితో వస్తుంది, ఎంతసేపు వస్తుంది, అది నెట్టవలసిన బరువు ఎంత, ఆ బరువును తిరిగి ముందుకు తోసే స్ప్రింగ్ ఎంత గట్టిది, తూటాను పైకి లేపే మ్యాగజైన్ స్ప్రింగ్ ఎంత చురుకైనది అన్న అయిదూ ఒకదానితో ఒకటి పొసగాలి. 20 అంగుళాల బ్యారెల్ ఉన్న తొలి ఎం16లో ఇవి ఒక కూర్పుగా అమరాయి. బ్యారెల్ కోసినప్పుడు ఆ కూర్పు చెదిరింది.

ఎంత చెదిరిందో అంకెల్లో చూస్తే స్పష్టపడుతుంది. ఎం16లో గ్యాస్ పోర్ట్ చాంబర్ వైపు నుంచి సుమారు 13 అంగుళాల దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి మూతి వరకు దాదాపు 7 అంగుళాలు మిగులుతాయి. బుల్లెట్ ఆ 7 అంగుళాలు ప్రయాణించేంతసేపే బ్యారెల్ మూసిన సీసాలా ఉండి, గొట్టంలోకి గ్యాస్‌ను నెడుతుంది. ఈ వ్యవధిని ఆంగ్లంలో డ్వెల్ టైమ్ అంటారు. అది మిల్లీసెకనులో అయిదో వంతు ఉంటుంది. ఎం4 కార్బైన్‌లో బ్యారెల్ 14.5 అంగుళాలు, పోర్ట్ 8 అంగుళాలకు కొంచెం ఇవతల. కాబట్టి మిగిలే దూరం, దానితోపాటు వ్యవధి, ఎం16కు దాదాపు సమానమే. కానీ పోర్ట్ చాంబర్‌కు దగ్గరైంది. చాంబర్‌కు దగ్గరైనకొద్దీ గ్యాస్ ఒత్తిడి బాగా ఎక్కువ. ఎం4 పుట్టుకతోనే కాస్త ఎక్కువ గ్యాస్ తాగే రైఫిల్ అనడానికి కారణం ఇదే.

ఇప్పుడు అదే పోర్ట్‌ను కదపకుండా బ్యారెల్‌ను 10.3 అంగుళాలకు కోస్తే? అమెరికా నౌకాదళపు క్రేన్ కేంద్రం ఎం4 ఆధారంగా తయారుచేసిన మార్క్ 18 సరిగ్గా ఇదే. పోర్ట్ నుంచి మూతికి రెండున్నర అంగుళాలే మిగులుతాయి. వ్యవధి 0.08 మిల్లీసెకన్లకు, అంటే ఎం4లో ఉన్నదానిలో సగానికంటే తక్కువకు, పడిపోతుంది. గ్యాస్ ఒత్తిడి తగ్గలేదు, అది పనిచేసే సమయం తగ్గింది. ఈ లోటు పూడ్చడానికి క్రేన్ ఇంజనీర్లు పోర్ట్ వ్యాసాన్ని 0.062 అంగుళాల నుంచి 0.070 అంగుళాలకు పెంచారు. తేడా వెంట్రుకవాసి అనిపించినా, రంధ్రపు వైశాల్యం లెక్కన అది 27 శాతం పెరుగుదల. ఫలితంగా బోల్ట్ క్యారియర్‌కు నిదానమైన తోపుడు బదులు ఒక్కసారిగా గట్టి దెబ్బ తగులుతుంది. పొట్టి రైఫిళ్ల గొడవలన్నిటికీ మూలం ఈ దెబ్బలో ఉంది.

పొట్టి బ్యారెల్‌తో వచ్చే ఈ చిక్కు కొత్తది కాదు, దానికి ఇంజనీర్లు వెతికిన దారులూ కొత్తవి కావు. వియత్నాం యుద్ధకాలంలో కోల్ట్ కంపెనీ ఎం16ను కుదించి చేసిన ఎక్స్‌ఎం177కు 10 అంగుళాల బ్యారెల్, తరువాతి రూపమైన ఎక్స్‌ఎం177ఇ2కు 11.5 అంగుళాల బ్యారెల్ ఉండేవి. వాటి మూతికి తగిలించిన పొడవాటి గొట్టం పేలుడు శబ్దాన్ని, మెరుపును తగ్గించడానికే పెట్టినట్టు కనిపించినా, అది గ్యాస్‌ను కాస్త నిలిపి ఉంచి యంత్రం తిరగడానికి కూడా తోడ్పడేది. సోవియట్ ఇంజనీర్లు మరింత బాహాటంగా ఈ పని చేశారు. 415 మిల్లీమీటర్ల బ్యారెల్ ఉన్న ఏకే-74ను 206.5 మిల్లీమీటర్లకు కుదించి ఏకేఎస్-74యు చేసినప్పుడు, పోర్ట్‌ను వెనక్కి జరిపి, మూతి దగ్గర లావుపాటి స్టీలు గది ఒకటి బిగించారు. బుల్లెట్ బ్యారెల్ దాటినా ఆ గదిలో ఒత్తిడి ఇంకొంచెంసేపు నిలుస్తుంది. దాన్ని అలంకారం అనుకుని తీసేస్తే తుపాకీ నమ్మకం కోల్పోతుంది.

తప్పు రోగనిర్ధారణ ఎంత ఖరీదైనదో చెప్పడానికి మాత్రం పొట్టి రైఫిల్ కంటే దాని పెద్దన్న కథే మేలు. ఎం16 వియత్నాం చేరిన తొలి ఏళ్లలో ఖాళీ కేసులు చాంబర్‌లో ఇరుక్కుపోయి, యుద్ధం నడుమ సైనికులు క్లీనింగ్ కడ్డీని మూతిలోంచి దూర్చి వాటిని పొడిచి తీయవలసి వచ్చింది. కడ్డీ ఉన్నవారి సంగతి అది. చాలామందికి శుభ్రపరిచే సామగ్రే ఇవ్వలేదు, ఎందుకంటే ఈ రైఫిల్‌ను పెద్దగా తుడవనక్కరలేదన్న ప్రచారం జరిగింది. సైన్యం మొదట తప్పును సైనికుల మీదికి నెట్టింది: తుడవడం లేదు కాబట్టి జామ్ అవుతోందన్నది. 1967లో ప్రతినిధుల సభ సాయుధ దళాల సంఘం తరఫున రిచర్డ్ ఐకార్డ్ నాయకత్వంలో ఏర్పడిన ఉపసంఘం విచారణలో బయటపడిన చిత్రం వేరు. రైఫిల్‌ను రూపొందించి పరీక్షించింది ఐఎంఆర్ రకం మందుతో; 1964 ప్రాంతంలో దాని స్థానంలో బాల్ పౌడర్ వచ్చింది. ఈ కొత్త మందు చాంబర్‌లో హద్దు మీరలేదు కానీ, పోర్ట్ దగ్గరకు వచ్చేసరికి పాత మందు కంటే ఎక్కువ ఒత్తిడిని నిలుపుకుంది, మసి కూడా ఎక్కువ వదిలింది. దాంతో రైఫిల్ తిరిగే వేగం రూపకర్తలు అనుకున్న దానికంటే పెరిగింది, బోల్ట్ తొందరపడి కేసును లాగడం మొదలైంది, క్రోమ్ పూత లేని చాంబర్ తేమకు తుప్పు పట్టి ఆ కేసును పట్టి ఉంచింది. కేసు అంచు చిరిగి ఇరుక్కుపోయేది. తరువాత చాంబర్‌కు క్రోమ్ పూత వేశారు, బోల్ట్ క్యారియర్ వెనక కదిలే బఫర్ అనే బరువు ముక్కను లోపల జారే దిమ్మెలున్న కొత్త రకంగా మార్చారు, శుభ్రపరిచే సామగ్రి పంచారు, సమస్య చాలావరకు సర్దుకుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, కేసు బయటికి రాలేదన్న ఫిర్యాదు వినగానే బోల్ట్‌కు బలం చాలడం లేదని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు: బోల్ట్‌కు తొందర ఎక్కువైంది.

పొట్టి బ్యారెల్ రైఫిల్‌లో ఇదే తొందర నిత్యసమస్య. పెద్ద పోర్ట్ గుండా వచ్చిన గ్యాస్ తాళాన్ని ముందుగా విప్పుతుంది. కుక్కర్‌లో ఆవిరి పూర్తిగా పోకముందే మూత లాగినట్టు, కేసు ఇంకా చాంబర్ గోడలను పట్టుకుని ఉండగానే ఎక్స్‌ట్రాక్టర్ దాని అంచును లాగుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం జారిపోవచ్చు, అంచును చింపుకుని రావచ్చు. కేసు లోపలే ఉండిపోతే వెనకనుంచి వచ్చే కొత్త తూటా దాని మీదికి గుద్దుకుంటుంది. ఎం4 కుటుంబంలో గట్టి ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్, దాని లోపల నల్లని రబ్బరు ముక్క, కొందరు చుట్టూ వేసే చిన్న ఓ-రింగ్ పుట్టుకొచ్చింది ఈ బాధ వల్లనే. ఇవి పనిచేస్తాయి. అయితే ఇవి పట్టును పెంచుతాయే గానీ తొందరను తగ్గించవు.

తొందరను తగ్గించేది బరువు. బోల్ట్ క్యారియర్ వెనక, బట్ లోపలి గొట్టంలో స్ప్రింగ్‌తో కలిసి కదిలే బఫర్ అనే ముక్క ఉంటుంది. మామూలు కార్బైన్ బఫర్ 3 ఔన్సులు, అంటే 85 గ్రాములు. దానికంటే బరువైనవి హెచ్, హెచ్2, హెచ్3 అనే పేర్లతో దొరుకుతాయి. అవి వరుసగా 3.8, 4.6, 5.4 ఔన్సులు తూగుతాయి. పాత పొడవు ఎం16 బఫర్ ఒక్కటే 5 ఔన్సులు దాటుతుంది. అంటే కార్బైన్‌గా కుదించినప్పుడు గ్యాస్ ఒత్తిడిని పెంచి, దాన్ని ఆపవలసిన బరువును మాత్రం తగ్గించారన్నమాట. చోటు చాలకపోవడం వల్ల జరిగిన ఈ రాజీని చాలామంది గుర్తించరు. బరువైన బఫర్ తాళం విడిపోవడాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది, వెనక్కి వెళ్లే వేగాన్ని తగ్గిస్తుంది, ముందుకు వచ్చి తాళం పడిన తరువాత క్యారియర్ ఎగిరిపడకుండా చూస్తుంది. కానీ గ్యాస్ నిజంగానే తక్కువగా ఉన్న రైఫిల్‌లో హెచ్3 వేస్తే బోల్ట్ సగం దూరం నుంచే తిరిగివస్తుంది.

కాబట్టి ముందు నిర్ధారణ. దీనికంటే కూడా ముందు ఒక మాట: శబ్దం మామూలుగా రాకుండా తుస్సుమని, బోల్ట్ కదలకపోతే అది తిరుగుడు సమస్య కాకపోవచ్చు. మందు చాలక బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగి ఉండవచ్చు. వెంటనే ఆపి, మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, బ్యారెల్ ఈ కొస నుంచి ఆ కొసకు తెరిపిగా ఉందో లేదో చూడకుండా మరో తూటా పేల్చితే బ్యారెల్ పగిలే ప్రమాదం ఉంది. ఇక ఏ భాగాన్ని విప్పి చూడాలన్నా రైఫిల్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికంటే తేలికైన పరీక్ష మ్యాగజైన్‌లో ఒక్క తూటా మాత్రమే వేసి పేల్చడం. గ్యాస్ సరిపోతే బోల్ట్ పూర్తిగా వెనక్కి వచ్చి, ఖాళీ మ్యాగజైన్ లేపిన బోల్ట్ క్యాచ్ అనే ఆపుడు మీట మీద నిలుస్తుంది. ఇలా పలుమార్లు, మీరు వాడబోయే తూటాల్లో అన్నిటికంటే నీరసమైన రకంతో చేసి చూడాలి. నిలవకపోతే బోల్ట్ అంత దూరం రాలేదని అర్థం చేసుకోవడం సహజం. కానీ ఇక్కడ కూడా ఎదురెదురు కారణాల చిక్కు ఉంది: బోల్ట్ మరీ వేగంగా వచ్చి తిరిగి వెళ్లినప్పుడు క్యాచ్ లేచేలోపే దాన్ని దాటిపోగలదు. ఈ రెండింటినీ వేరు చేసేది ఖాళీ కేసులు పడే చోటు. మూతి వైపును గడియారంలో పన్నెండుగా, కుడి పక్కను మూడుగా అనుకుంటే, ఆరోగ్యంగా ఉన్న రైఫిల్ కేసులను మూడు, నాలుగు గంటల మధ్య విసురుతుంది. ఒంటి గంట, రెండు గంటల వైపు ముందుకు దూసుకుపోతుంటే బోల్ట్ వేగం ఎక్కువ. అయిదు గంటల వైపు నీరసంగా, కాళ్ల దగ్గరే పడుతుంటే తక్కువ. కేసును బయటికి విసిరే ఎజెక్టర్ స్ప్రింగ్ పాతబడ్డా, కేసును పక్కకు మళ్లించే డిఫ్లెక్టర్‌కు అది తగిలే కోణం మారినా ఈ లెక్క తప్పుతుంది కాబట్టి దీన్ని సాక్ష్యాల్లో ఒకటిగానే తీసుకోవాలి, తీర్పుగా కాదు.

రెండో సాక్షి కేసు ఒంటి మీద ఉంటుంది, నా దృష్టిలో అదే నమ్మదగిన సాక్షి. పది కేసులు ఏరి వెలుతురులో చూడాలి. అంచు వంగి ఉన్నా, కొక్కెం తెంపినట్టు లొట్ట పడి ఉన్నా, అడుగు భాగం మీద ఎజెక్టర్ రంధ్రం దగ్గర ఇత్తడి రాసుకుపోయిన మెరుపు మరక ఉన్నా, తాళం ముందుగా విడిపోతోందని అనుమానించాలి. చివరి లక్షణం మాత్రం తూటాలోనే ఒత్తిడి మితిమీరినా కనిపిస్తుంది. అంచు చెక్కుచెదరకుండా ఉండి, కేసు బయటికి వెళ్లే కిటికీలో నిలువుగా ఇరుక్కోవడం, లేదా కేసు బయటికి వెళ్లినా హ్యామర్ నిలవకపోవడం వల్ల ట్రిగ్గర్ చచ్చుబడినట్టు ఉండడం గ్యాస్ చాలకపోవడానికి గుర్తులు. హ్యామర్ కూడా నిలవనంత తక్కువ దూరం వచ్చిన బోల్ట్‌ను వేగం ఎక్కువైందని అనుమానించే పని లేదు.

కారణం ఎటువైపు ఉందో తేలాక, వెతకడం మొదలుపెట్టవలసింది చౌకైన చోట నుంచి. తూటా మొదటిది. పౌర విపణిలోని .223 రెమింగ్టన్ తూటాలు, సైనిక 5.56 తూటాలు చూడటానికి ఒకటే, అయినా .223లో చౌక రకాలు చాలాసార్లు తక్కువ మందుతో వస్తాయి. 16 అంగుళాల రైఫిల్ వీటిని పట్టించుకోకుండా మింగేస్తుంది, 10.3 అంగుళాల రైఫిల్ ఆ తేడాను వెంటనే బయటపెడుతుంది. రెండోది మ్యాగజైన్. ఒకే మ్యాగజైన్‌తోనే సమస్య వస్తుంటే రైఫిల్‌ను విప్పడం వృథా. 2007 చివర అమెరికా సైన్యం అబర్డీన్‌లో జరిపిన ధూళి పరీక్షలో 60,000 తూటాలకు ఎం4 882 సార్లు ఆగింది. పోటీలో ఉన్న హెచ్‌కె416 233 సార్లు, స్కార్ 226 సార్లు, ఎక్స్‌ఎం8 127 సార్లు ఆగాయి. ఎం4కు పేరు చెడగొట్టిన ఈ అంకెలను తరచు ఉటంకిస్తారు, కానీ వాటిలో గణనీయమైన భాగం మ్యాగజైన్ల ఖాతాలోనిదన్న సంగతిని అంతగా చెప్పరు. బోల్ట్ వేగం పెరిగేకొద్దీ మ్యాగజైన్ స్ప్రింగ్‌కు తూటాను లేపే సమయం తగ్గుతుంది; అందువల్ల పాత మ్యాగజైన్ పొడవు రైఫిల్‌లో బాగా పనిచేసి పొట్టి రైఫిల్‌లో విఫలం కావచ్చు.

మూడోది నూనె. పొట్టి బ్యారెల్ నుంచి క్యారియర్ లోపలికి వచ్చే గ్యాస్ మరింత వేడిగా, మరింత మసితో వస్తుంది, నూనె తొందరగా ఆరిపోతుంది. మసి పట్టిన రైఫిల్ కంటే పొడిగా ఆరిపోయిన రైఫిల్ ముందుగా ఆగుతుంది. ఆ తరువాత గ్యాస్ లీకులు: గ్యాస్ కీ మరలు వదులయ్యాయా, గ్యాస్ బ్లాక్ కొంచెం జరిగి పోర్ట్‌ను పాక్షికంగా మూస్తోందా, బోల్ట్ మీది మూడు గ్యాస్ రింగులు అరిగాయా అన్నవి చూడాలి. రింగులకు పాత పరీక్ష ఒకటి ఉంది. విడిగా తీసిన క్యారియర్ అసెంబ్లీని, బోల్ట్‌ను ముందుకు లాగి, బోల్ట్ ముఖం మీద నిలబెట్టాలి; క్యారియర్ తన బరువుకే కిందికి కుంగిపోతే రింగులు మార్చాలి. ఆ మూడు రింగుల చీలికలు ఒకే వరుసలోకి వస్తే గ్యాస్ కారిపోతుందన్న నమ్మకం తరతరాల సైనికులకు నూరిపోసినది. ఆచరణలో దానివల్ల రైఫిల్ ఆగదు.

ఇవన్నీ దాటి వచ్చాకే స్ప్రింగ్, బఫర్, చివరగా పోర్ట్. పోర్ట్‌ను తొలిచి పెద్దది చేయడం ఎందుకు చివరిదంటే, అది వెనక్కి తీసుకోలేని పని. బఫర్ నచ్చకపోతే మార్చవచ్చు, పెద్దదైన రంధ్రాన్ని తిరిగి చిన్నది చేయలేం. అనుభవజ్ఞుడైన గన్‌స్మిత్ చేతుల్లో తప్ప దాని జోలికి పోకపోవడమే మంచిది. పైగా విపణిలో దొరికే చవక బ్యారెళ్లు చాలావాటిలో పోర్ట్ ముందే కావలసినదానికంటే పెద్దదిగా ఉంటుంది. ఎంత నీరసమైన తూటాతోనైనా తిరగాలి, కొన్నవాడు ఫిర్యాదు చేయకూడదు అన్నది తయారీదారు లెక్క. దాని మూల్యం బోల్ట్, ఎక్స్‌ట్రాక్టర్ ఆయుష్షు రూపంలో తరువాత చెల్లించవలసి వస్తుంది.

నక్సల్ ఉద్యమకాలపు వార్తల ద్వారా తెలుగు పాఠకులకు పేరు పరిచయమైన ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్)లో ఈ గొడవకు చక్కని జవాబు ఉంది. ఈశాపూర్‌లో తయారై మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన ఈ రైఫిల్ బెల్జియం ఎఫ్ఎన్ సంస్థ ఫాల్ కుటుంబానికి చెందినది. గ్యాస్ బ్లాక్ దగ్గర తిప్పే రెగ్యులేటర్ ఒకటి దానికి ఉంటుంది. దాన్ని బాగా తెరిస్తే ఎక్కువ గ్యాస్ బయటికి పోతుంది, మూస్తే పిస్టన్‌కు ఎక్కువ అందుతుంది. సరిచేసే పద్ధతి ఇది: రెగ్యులేటర్‌ను తెరిచి, ఒక్కొక్క తూటా వేసి పేలుస్తూ, బోల్ట్ ఖాళీ మ్యాగజైన్ మీద నిలిచేవరకు కొద్దికొద్దిగా మూసి, నిలిచిన తరువాత మురికికీ చలికీ పనికివచ్చేలా మరో రెండు మెట్లు మూయాలి. అవసరమైనంత గ్యాస్, దాని మీద కాస్త మిగులు, అంతే. ఏఆర్-15కు ఇప్పుడు విడిగా దొరికే సర్దుబాటు గ్యాస్ బ్లాకులు ఇదే పద్ధతిని తిరిగి తెస్తున్నాయి. మసి పట్టి వాటి మర బిగుసుకుపోవడం మాత్రం వాటి సొంత తలనొప్పి.

సైలెన్సర్‌గా పిలిచే సప్రెసర్ తగిలించేవారికి సర్దుబాటు మరీ అవసరం. మూతి దగ్గర గ్యాస్‌ను నిలిపి ఉంచే సప్రెసర్, పొట్టి బ్యారెల్ పోగొట్టుకున్న వ్యవధిని ఒక్కసారిగా తిరిగి ఇచ్చేస్తుంది, అదీ పెద్ద పోర్ట్ ఉన్న రైఫిల్‌కు. సప్రెసర్ లేకుండా అంతంతమాత్రంగా తిరిగే రైఫిల్, అది తగిలించగానే పట్టుతప్పిన వేగంతో తిరుగుతుంది, కిటికీలోంచి గ్యాస్ కళ్లలోకి కొడుతుంది. ఒకే రైఫిల్‌కు రెండు రోగాలు, మూతికి ఏమి తగిలించామన్నదాన్ని బట్టి. రెండింటికీ ఒకే బఫర్, ఒకే పోర్ట్ సరిపోవాలని కోరడం ఆ రైఫిల్‌ను చాలా ఇరుకు దారిలో నడవమనడమే. హెచ్‌కె416 గ్యాస్‌ను క్యారియర్ వరకు రానివ్వకుండా ముందే చిన్న పిస్టన్‌తో పని ముగించడం మరో మార్గం. హైదరాబాద్‌లోని ఐకామ్ సంస్థతో చేయి కలిపిన యూఏఈ కంపెనీ కారకాల్ వారి కార్ 816 కూడా ఈ పిస్టన్ జాతిదే. దానితో మసి, వేడి క్యారియర్‌కు దూరమవుతాయి. పోర్ట్ నుంచి మూతికి ఉన్న దూరం మాత్రం పిస్టన్ పెట్టినా మారదు, ఆ వ్యవధి లెక్క అక్కడా వేసుకోవలసిందే.

ఎం4 విషయంలో అమెరికా ప్రత్యేక దళాలు చివరికి మూలానికే చేయి పెట్టాయి. యూఆర్‌జీ-ఐ అనే కొత్త పైభాగంలో 14.5 అంగుళాల బ్యారెల్ ఉంచి, పోర్ట్‌ను ఎం4 కంటే సుమారు రెండు అంగుళాలు ముందుకు జరిపారు. ఒత్తిడి తగ్గింది, తాళం నెమ్మదిగా విడుతోంది. 10.3 అంగుళాల బ్యారెల్‌లో ఆ అవకాశం లేదు, జరపడానికి ముందు చోటే లేదు. అక్కడ దొరికే ఊరట బ్యారెల్ పొడవులోనే ఉంది: 11.5 అంగుళాలు తీసుకుంటే పెరిగేది సుమారు ఒకటింబావు అంగుళమే కానీ, పోర్ట్ నుంచి మూతికి ఉన్న దూరం రెండున్నర నుంచి మూడు ముప్పావు అంగుళాల దాకా, అంటే దాదాపు సగం మేర, పెరుగుతుంది. పోర్ట్ చిన్నదిగా ఉంచవచ్చు, బఫర్ బరువు పెంచవచ్చు, నీరసమైన తూటాకీ సప్రెసర్‌కీ మధ్య ఆ రైఫిల్‌కు మెసలడానికి చోటు మిగులుతుంది. కొత్తగా పొట్టి రైఫిల్ కూర్చుకునేవారు భాగాలు కొనకముందే వేసుకోవలసిన లెక్క ఇది, 10.3 కొన్న తరువాత బఫర్లు, స్ప్రింగులు మార్చుతూ వెతికేది ఆ ఒకటింబావు అంగుళాన్నే.